అంచున ఎర్రబడిన ఇసుక

పలమనేరు బస్సు దిగి, భుజాన గుడ్డసంచితో కోమలి కపిలతీర్థం రోడ్డు వైపు నడుస్తుండగా పోయినవారం ఆమెను వదిలిపెట్టాం. మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. కోమలి పలమనేరు దగ్గరి కుమ్మరి ఇంటి బిడ్డ. తొమ్మిదేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి, తిరిగొచ్చి, నాయన ఎల్లప్ప పక్కన మళ్లీ కుండలు తిప్పే సారె ముందు కూర్చుంది. కానీ ఆమెకు ఉత్త ఎర్రమట్టి కుండలు చాలలేదు. అక్కడి ఎడారిలో తను చూసిన ఇసుకను పళ్లెం మీదికి దించాలనుకుంది. దానికి గాజులా కరిగే పూత కావాలి, ఆ పూతను కరిగించే బట్టీ కావాలి. రెండూ తిరుపతిలో యోగానంద దగ్గర దొరికాయి. పింగాణీ పని నేర్పే మాస్టారుగా రిటైరైన మనిషి ఆయన. మూడేళ్లు ఆమెకు ఓపిగ్గా నేర్పించారు. అదే యోగానంద ఇప్పుడు 'మరుభూమి' అని ఒక ప్రదర్శన పెడుతున్నారు. దాని ఫొటో ఒకటి ఫోనులో చూసిన దగ్గర్నుంచి కోమలికి కాలు నిలవలేదు. ఆ ఫొటోలో ఉన్నవి తన పళ్లాలు.

హాలు తలుపు తెరిచే ఉంది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర. పదకొండింటికి ప్రారంభం కాబట్టి లోపల ఇంకా జనం లేరు. తెల్లటి గోడల వెంట చెక్క అరలు, అరల మీద నలభై పళ్లాలు, ఒక్కోదాని మీద పడేలా చిన్న దీపం. చెప్పులు బయట విడిచి కోమలి లోపలికి నడిచింది.

మొదట ఆమెకు కోపం రాలేదు. సంతోషం వేసింది. తన పనిని అంత వెలుగులో, అంత తెల్లటి గోడ ముందు ఆమె ఎన్నడూ చూడలేదు. పళ్లెం నడుమ లేత పసుపు, దాని మీద గాలి దువ్వినట్టు సన్నటి గీతలు, అంచుకు పోయేకొద్దీ ముదిరి, చివర ఎరుపు. చలికాలంలో కువైట్ ఇంటివాళ్లు ఎడారిలో గుడారాలు వేసుకుని పదిరోజులు గడిపేవాళ్లు. ముప్పైమందికి వండి, గిన్నెలు తోమి, సాయంత్రం చేతులు ఇసుకతోనే రుద్దుకుంటూ ఆమె దిబ్బ ఎక్కేది. పొద్దు వాలే ఆ కాసేపట్లో, గాలి కోసిన దిబ్బ అంచు మాత్రం ఎర్రగా వెలిగేది. ఆమె ఫోను ఇంటి మేడమ్ దగ్గర ఉండేది కాబట్టి ఫొటో తీసుకునే వీల్లేదు. అందుకని కళ్లు మూసుకుని, వేలితో గాల్లో ఆ అంచును గీసుకునేది.

ఆ అంచే ఇప్పుడు గోడ మీద ఉంది. కింద కార్డు మీద అచ్చక్షరాలు. 'మరుభూమి - 7. యోగానంద.'

పోయిన మే నెలలో యోగానంద ఫోను చేసి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. బట్టీలో అర విరిగిపడిందనీ, ఆమె పన్నెండు పళ్లాలూ పోయాయనీ. ఆమె వచ్చేసరికి ఒక తట్టలో పెంకులు చూపించారు కూడా. ఆ రోజు బస్సులో పలమనేరు దాకా ఏడ్చింది.

"కోమలీ! ఎప్పుడొస్తివి?"

వెనక్కి తిరిగింది. యోగానంద, ఖద్దరు చొక్కా ఇస్త్రీ మడతతో, ముఖాన నవ్వుతో నిలబడి ఉన్నారు. ఆ నవ్వు కళ్ల దాకా పోలేదు. ఆయన పక్కన ఒక ముప్పై ఏళ్ల అమ్మాయి, మెడలో చున్నీ, చేతిలో కొలతల టేపు. అలిపిరి దారిలో కొత్తగా కడుతున్న ఒక హోటలుకు గదులూ భోజనశాలా అలంకరించే పని ఆమెది. పేరు భానుప్రియ. పళ్లాలు ఎంచుకోవడానికి అందరికంటే ముందు వచ్చింది.

"ఇప్పుడే వచ్చినా సార్," అంది కోమలి. "నా పళ్లేలు చూసుకోవాలని వచ్చినా."

"నీవేమున్నాయమ్మా ఈడ?"

"అదే నేనూ అడుగుతా ఉండా. పన్నెండూ పగిలిపొయ్యినాయంటిరి గదా. పగిలినవి గోడెక్కి యెట్ల కూర్చున్నాయి?"

భానుప్రియ టేపు చుట్టడం ఆపింది.

యోగానంద గొంతు తగ్గించారు. "చూడు, బయటికి పోయి మాట్లాడుకుందాం రా."

"బయట ఎండగా ఉంది సార్. ఈడే బాగుండాది."

ఆయన నిట్టూర్చి, భానుప్రియ వైపు తిరిగి, చాలా మర్యాదగా అన్నారు. "నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి. చెయ్యి మంచిది. ఈ ఇసుక రంగు మీద మేమిద్దరం పనిచేసినాం, అది నిజమే. కానీ ఈమె పిడికిలితో వేస్తాది, చూపుతో కలుపుతాది. ఎంత బూడిద, ఎంత రాతిపొడి, ఎంత వేడి అని తూకం వేసి రాసింది నేను. ఈమె చేసింది వంట. నేను రాసింది శాస్త్రం. రాయని వంట ఎవరిదని చెప్తాం?"

"వంటే సార్," అంది కోమలి వెంటనే. "తొమ్మిదేండ్లు వంట చేసినా. ఒకే పొయ్యి మీద నలుగురం వండితే, ఏ కూర ఎవురు చేసిందో మూత తియ్యకముందే చెప్తా. ఇది చెప్పలేనా?"

"అంటే ఏం చేస్తావు?"

"నావి నేను ఏరుకుంటా. చూడకుండా."

భానుప్రియ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అప్పటిదాకా ఆమె ఆ పళ్లాలను కొనడానికి వచ్చింది. ఇప్పుడు ఎవరి దగ్గర కొంటోందో తెలుసుకోవాల్సిన అవసరం పడింది. మెడలోని చున్నీ తీసింది.

"కట్టమంటారా అక్కా?"

"కట్టమ్మా. గట్టిగానే కట్టు."

ఇద్దరూ కలిసి ముందు నలభై పళ్లాలనూ అరల మీద నుంచి దించి, నడుమ ఉన్న పొడుగాటి బల్ల మీద వరసగా పెట్టారు. ఆ తర్వాత భానుప్రియ కోమలి కళ్లకు చున్నీ రెండు మడతలుగా కట్టి, పళ్లాల స్థానాలు తన ఇష్టం వచ్చినట్టు మార్చింది. యోగానంద వద్దనలేదు, సాయమూ చేయలేదు. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కోమలి మొదటి పళ్లెం అంచు మీద చూపుడువేలు పెట్టి గుండ్రంగా తిప్పింది. పక్కకు జరిపింది. రెండోదీ అంతే. మూడో దాని మీద వేలు ఆగింది. ఇంకోసారి తిప్పి చూసుకుంది.

"ఇది నాది."

పనిలో దిగాక ఆమె చేతులకు తొందర పోయింది. ఒక్కో అంచునూ తడిమి, కుడిపక్కకో ఎడమపక్కకో జరుపుతూ పోయింది. మధ్యలో ఒకచోట తటపటాయించి, వేలి కొసను చీర కొంగుకు తుడుచుకుని, మళ్లీ తడిమి, తనదేనని కుడిపక్కన పెట్టింది. నలభై అయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. వీధిలో బస్సుల హారన్లు తప్ప హాల్లో ఇంకో చప్పుడు లేదు.

ఆమె చున్నీ విప్పుకోకముందే భానుప్రియ "అరె!" అంది.

కుడిపక్కన ఉన్న ప్రతి పళ్లేనికీ అంచున ఎరుపు ఉంది. ఎడమపక్కన ఉన్నవి కూడా అందంగానే ఉన్నాయి, ఆ లేత పసుపూ ఉంది, గీతలూ ఉన్నాయి. ఎరుపు మాత్రం ఒక్కదానికీ లేదు.

"ఎలా తెలిసిందక్కా?"

"వేలు పెట్టి చూడు. నా దాంట్లో పూత అంచు దాకా ఉండదు. గోరంత కిందికి జారి ఆగిపోతాది. ఆ గోరంత చోట మట్టి బయటపడి ఎర్రగా కాలతాది. సార్ వాటిల్లో పూత అంచు మీదుగా నున్నగా పోతాది."

"ఎందుకలా?"

"బూడిద," అంది కోమలి. చున్నీ మడతపెట్టి ఆ అమ్మాయి చేతికిచ్చి, యోగానంద వైపు తిరిగింది. "సార్, బూడిదని మూడుసార్లు నీళ్లల్లో కడగాలని మీరు నేర్పించినారు. కడగని బూడిద వాడేవాళ్లు పని తెలియనోళ్లని తిట్టినారు. మీ పుస్తకంలో కూడా అదే రాసుకొన్యారు. నేను ఒకసారి కడగకుండా వేసినా. బూడిదలో ఉండే ఉప్పు, పూత ఆరేటప్పుడు అంచుకి ఎక్కుతాది, కాలేటప్పుడు ఆడ పూతను కరిగించి కిందికి జారుస్తాది. ఎడారిలో కూడా అంతే, నీళ్లు ఇంకిన చోట అంచున ఉప్పు తేలతాది. అది చూసే నాకు తోచింది. మీరు పుట్టినప్పట్నుంచి కడగని బూడిద ముట్టలేదు. ఇవి మీరెట్ల చేస్తిరి?"

యోగానంద కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మాట్లాడినప్పుడు ఆ గొంతులో మాస్టారు లేడు.

"ఆ రోజు బట్టీ తెరిచేసరికి తెల్లారి ఏడయింది. నువ్వు బస్సులో వస్తా ఉండావు. తలుపు తీస్తానే చూసినాను. ముప్పై ఏండ్లు నేను వెతికింది ఆడ వరసగా కూర్చోని ఉండాది. నావి కాదు. నీవి. నువ్వొచ్చేదానికి ఇంకా అరగంట టైముంది. ఆ అరగంటలో నేను చెడిపొయ్యినాను కోమలీ."

"నాకు చూపించిన పెంకులు?"

"నా పాత పళ్లేలు. నేనే పగలగొట్టినాను."

కోమలి అరుస్తుందని భానుప్రియ అనుకుంది. నిజానికి వారం రోజులుగా కోమలి మనసులో చాలా మాటలు పేర్చుకుంది. బస్సులో వాటిని వరసపెట్టి చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఎదురుగా, భుజాలు జారిపోయి కూర్చున్న మనిషిని చూస్తే అందులో సగం మాటలు అక్కర్లేదనిపించింది. మిగతా సగం మాత్రం ఆమె వదల్లేదు.

"మీరు నేర్పించకపోతే నాకు బట్టీ తలుపు తియ్యడం కూడా రాదు సార్. అది నేను యాడైనా చెప్తా. అట్లని నా పని మీకు ఇచ్చేదానికి కుదర్దు. మీవి బాగుండాయి, మీ పేరుతోనే ఉండనీండి. నావి నా పేరుతో ఉండాల. పదకొండింటికి జనం వచ్చినప్పుడు మీరే చెప్పాల, నేను కాదు."

యోగానంద లేచారు. అరల మీద మిగిలిపోయిన కార్డుల్లో ఒకటి తీసి, వెనక్కి తిప్పి, జేబులోని పెన్నుతో రాశారు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. 'అంచున ఎర్రబడిన ఇసుక. కోమలి, పలమనేరు.' దాన్ని రెండు చేతులతో ఆమెకు ఇచ్చారు. పళ్లేనికి ఆమె ఎన్నడూ పేరు పెట్టలేదు. ఆయన పెట్టిన పేరు చదువుకుని, బాగుందని తలాడించింది.

భానుప్రియ గొంతు సవరించుకుంది. "అక్కా, మా భోజనశాలకి ఇవే కావాలి. ఎరుపంచువి. అయిదువందల పళ్లాలు. పెళ్లిళ్ల సీజను లోపల చేయగలరా?"

"చేస్తా. కానీ ఈడ కాదు. మా కొట్టంలోనే బట్టీ పెట్టుకుంటా. అంతదాకా ఆగుతారా?"

"ఆగుతాం."

మే నెల నుంచీ గుండెలో ఎక్కడో ఇరుక్కున్న రాయి ఒకటి ఆ ఒక్క మాటతో దొర్లిపోయింది. కోమలి సంచిలోంచి నీళ్ల సీసా తీసి, గటగటా తాగింది.

భానుప్రియ కార్డులు రాయడానికి కుడిపక్క పళ్లాలు లెక్కపెడుతూ ఆగిపోయింది. "అక్కా, పన్నెండన్నారు కదా. ఇక్కడ పదమూడున్నాయి."

"పన్నెండే చేసినా."

"పదమూడు. ఇంకోసారి లెక్కపెట్టండి."

కోమలి లెక్కపెట్టింది. పదమూడే. ఒక్కొక్కటిగా తీసి కళ్లతో చూసింది. తొమ్మిదో దాన్ని ఎత్తగానే బరువు తేడా తెలిసింది. మట్టి వేరు. అంచు మాత్రం అదే, గోరంత కిందికి జారిన పూత, అదే ఎరుపు. తటపటాయించిన చోట ఆమె వేళ్లను మోసం చేసిన అంచు. వెనక్కి తిప్పింది. అడుగున, పచ్చిమట్టి మీద పుల్లతో గీసిన ఉర్దూ అక్షరాలు. అలాంటి అక్షరాలనే కువైట్‌లో మందుసీసాల మీద, సంచుల మీద కూడబలుక్కుని చదవడం ఆమెకు అలవాటయింది. ఇప్పుడూ కూడబలుక్కుంది.

"స... బి... యా. సబియా. ఎవురు సార్ ఈమె?"

యోగానంద ముఖంలో మిగిలిన కాస్త రంగూ పోయింది. "నీ కన్నా ముప్పై ఏండ్ల ముందు ఆ ఎరుపు తెచ్చిన మనిషి. చిత్తూరు. నాకు పూత పని నేర్పించిందే ఆమె. ఒకనాడు ఎందుకో చెప్పకుండా అన్నీ మానేసింది. ఆ పళ్లెం ఒక్కటి నా దగ్గర ఉండిపోయింది. నా పేరుతో నలభై పెడతా ఉంటే, ఆమెది ఒక్కటన్నా ఉండనీ అనిపించింది. పేరు రాసే ధైర్యం లేకపాయె." నేల చూస్తూ అన్నారు. "ఈ పొద్దు రమ్మని చెప్పినాను. వస్తాదో రాదో."

ఆమె వచ్చింది. ఇంకా పదిన్నర కాలేదు. గుమ్మం దగ్గర ఆటో ఆగిన చప్పుడు, ఆ వెనకే చెప్పులు విడిచిన చప్పుడు. అరవై దాటిన మనిషి, తల మీదుగా తెల్ల దుపట్టా, నడకలో ముసలితనం లేదు. యోగానందను చూసి తలాడించింది, అంతే. బల్ల దగ్గరికి వచ్చి, తన పేరున్న పళ్లేన్ని పక్కకు నెట్టింది. దాని పక్కనున్న కోమలి పళ్లెం ఎత్తి, వెలుతురుకు పట్టి, అంచు మీద గోటితో గీరి చూసింది.

"బూడిద కడగలేదు," అంది. "ఎవురు చేసినారు ఇది?"

"నేనమ్మా," అంది కోమలి. ఆ మాట అనడానికి ఆమెకు కొంచెం కూడా సంకోచం కలగలేదు.

సబియా ఆమెను తల నుంచి కాళ్ల దాకా చూసింది. మెచ్చుకోలే అది, అనుమానం లేదు. "మంచి చెయ్యి బేటీ. నా కన్నా బాగా వచ్చింది. బూడిద ఏ చెట్టుది?"

"చింత."

"రాతిపొడి?"

"చిత్తూరు రోడ్డులో గ్రానైటు షెడ్డుంది. ఆడ తెచ్చుకుంటా."

"రాయి కోసిన పొడా, పాలీషు పట్టిన పొడా?"

"పాలీషు పొడి. అదైతేనే మైదా మాదిరి మెత్తగా ఉంటాది. జల్లించే పని లేదు."

సబియా పళ్లేన్ని చాలా నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. చేతులు దుపట్టాకు తుడుచుకుంది. "నేనూ అదే వాడినా. ఆ షెడ్డోళ్లు పాలీషు పట్టేదానికి సీసం కలిపిన బిళ్లలు పెడతారని నాకు శానా ఆలస్యంగా తెలిసింది. అందుకే మానుకుంటిని. యోగానందం, నీకు చెప్పినా గదా, ఈ పూత వద్దని?"

"వద్దన్నావు," అన్నారు ఆయన. "ఎందుకు వద్దో చెప్పలేదు సబియా."

"గోడకి తగిలిస్తే ఏమీ కాదు," అంది సబియా. "చింతపులుసు తగిలితేనే పూతలోంచి సీసం కూట్లోకి దిగేది. అది నరాల్ని తినేస్తాది." భానుప్రియ చేతిలోని కార్డు కింద పడింది. సబియా అది చూడలేదు. కోమలి రెండు చేతులూ పట్టుకుంది. "నిజం చెప్పు బేటీ. ఈ పళ్లెంలో ఎవురన్నా తింటా ఉండారా?"

కొట్టంలో కింద కూర్చుని, రాగిసంగటి నడుమ గుంట చేసి, పులుసు పోయించుకుని, పళ్లెం అంచును వేలితో తుడిచి నాకే మనిషి కోమలి కళ్ల ముందు కదిలాడు.

"మా నాయన," అంది. "మొదటిసారి బాగా వచ్చిన పళ్లెం ఆయనకే ఇచ్చినా. రెండేండ్లుగా రెండు పూట్లా దాంట్లోనే తింటాడు." "నెల రోజులుగా ఆయన చెయ్యి మట్టి మీద నిలవడం లేదమ్మా. మణికట్టు వాలిపోతా ఉండాది. వయసు మీద పడిందనుకుంటిమి."